తెల్ల గాజు

లౌత్, లింకన్‌షైర్
9 జూన్, 1868

అక్కా,

ఈసారి కుశలప్రశ్నలు వద్దు. శనివారం వచ్చిన జిల్లా పత్రిక నా ముందు పరిచి ఉంది. మూడో పేజీలో బావగారి ఉత్తరం అచ్చయింది. అది నువ్వు చదివే ఉంటావు. పత్రికకు పోయే ముందే చదివి ఉంటావని కూడా నా అనుమానం.

"చర్చి గోపురం గట్టిగా ఉంది, గంటలు నిశ్చింతగా మోగించుకోవచ్చు అని డ్రింగ్ గారు ఏప్రిల్‌లో రాసిచ్చిన కాగితం నా దగ్గర ఉంది. ఆ మాట నమ్మినందుకు మా ఊరు ఒక మనిషిని పోగొట్టుకుంది. ఒక వడ్రంగి కొడుకు చేతిలో దేవుని ఇల్లు పెట్టినందుకు ఫాదరీగా నేను సిగ్గుపడుతున్నాను." ఇవీ ఆయన మాటలు.

ఆ వడ్రంగి కొడుకే, అక్కా, మా ఆయనే, నువ్వు కూర్చుని ఈ ఉత్తరం చదువుతున్న ఇల్లు కట్టింది. మీ వంటింటికి తూర్పు వెలుతురు కావాలని నువ్వు అడిగితే, నక్షా మొత్తం తిరగేసి మళ్ళీ గీశాడు. ఈ జిల్లాలో ఆయన కట్టిన బడి భవనాలు పదకొండు, బాగుచేసిన చర్చిలు పంతొమ్మిది. ధాన్యం సంత భవనం ఒకటి, అనాథల ఇల్లు ఒకటి. ముప్పై ఏళ్ళలో ఒక్క గోడ కూడా ఒరగలేదు. లండన్ ఆర్కిటెక్టులు రైలు దిగి, భోంచేసి, రెండు బొమ్మలు గీసి మళ్ళీ రైలెక్కుతారు. ఈయన వర్షంలో తడుస్తూ గుర్రం మీద తిరిగాడు.

బావగారు మరిచిపోయినట్టున్నారు కనుక మళ్ళీ చెప్తున్నాను. 1865 సెప్టెంబరులో మీ గోపురానికి వాయవ్య మూల బీటలు కనిపించాయని పిలిచారు. అవి పాతవో, ఇంకా పెరుగుతున్నవో తెలియాలి. మా ఆయన ఎప్పుడూ చేసేదే చేశారు. ప్రతి బీటకూ అడ్డంగా సన్నటి గాజు పట్టీ పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించారు. మొత్తం ఏడు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. పగిలితే ఆ రోజే గంటలు ఆపి, గోపురానికి దుంగలు ఆనించాలి. పగలకపోతే బీట పాతది, భయం లేదు. ఇదంతా ఆయన బావగారికి, నీకు, చర్చి ఊడ్చే కెజియాకు కూడా గోపురం కిందే నిలబడి చెప్పారు. ఆ రోజు నేనూ ఉన్నాను.

తర్వాత రెండున్నరేళ్ళలో పదిసార్లు వచ్చి చూశారు. పదిసార్లూ ఏడు గాజులూ చెక్కుచెదరలేదు. అందుకే ఏప్రిల్‌లో ఆ కాగితం రాసిచ్చారు. పెంతెకొస్తు పండగ మర్నాడు సోమవారం గంటలు మోగుతుండగా ఆ మూల కూలిపోయి, తాడు లాగుతున్న జోబ్ మార్‌ఫ్లీట్ మీద పడింది. ఇది ఎలా జరిగిందో ఆయనకు అర్థం కావడం లేదు. రాత్రింబవళ్ళు పాత కొలతల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటున్నారు. ఇప్పటికే రెండు ఊళ్ళ వాళ్ళు మా చర్చి పని ఇక మీరు చూడనక్కర్లేదని రాశారు. నిన్న పొద్దున మా తలుపు మీద ఎవరో సుద్దతో ఉరికొయ్య గీశారు. నేనే తుడిచాను.

బావగారి చేత ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నానని రాయించు. వచ్చే శనివారం పత్రికలో చూస్తాను.

టబితా

—

హాక్స్‌థార్ప్
13 జూన్, 1868

నా చెల్లి టబితాకు,

నీ ఉత్తరం చదివి చాలాసేపు మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉన్నాను. నీ కోపం నాకు తెలుసు. చిన్నప్పుడు నీ బొమ్మ విరగ్గొట్టానని మూడు వారాలు నాతో మాట్లాడలేదు. అది నేను విరగ్గొట్టలేదని తర్వాత తేలింది కూడా.

మీ బావగారిని అపార్థం చేసుకోకు. జోబ్ భార్య చంకలో పసిబిడ్డతో మా గుమ్మంలో నిలబడి, దీనికి ఎవరు జవాబు చెప్తారని అడిగింది. ఊరంతా అదే అడుగుతోంది. ఫాదరీ కనుక ఆయన ఏదో ఒకటి చెప్పాలి. వడ్రంగి అన్న మాట అనకుండా ఉండాల్సింది, నేనూ చెప్పాను. కానీ అచ్చయిపోయింది.

మరిదిగారి మీద నాకున్న గౌరవం నీకు తెలియనిది కాదు. ప్రతిసారీ ఆయన వస్తే మా ఇంట్లోనే భోజనం. పార్స్లీ ఆకు కూరిన పందిమాంసం ఆయనకు ఇష్టమని ముందురోజే చేయించేదాన్ని. గాజుల గురించి నేను చెప్పగలిగిందల్లా ఒకటే. అవి ఎప్పుడు చూసినా శుభ్రంగా, మెరుస్తూ ఉండేవి. మొన్న ఈస్టరుకు కూడా అలాగే ఉన్నాయి. గాజు పగలకుండానే గోపురం పడిందంటే, ఆ పద్ధతిలోనే ఏదో లోపం ఉండవచ్చు కదా. మనుషులు కనిపెట్టినవన్నీ మనుషుల్లాంటివే.

జూలై రెండున బిషప్పు గారి తరఫున ఆర్చిడీకన్ గారు మా బడి గదిలో విచారణ పెడుతున్నారు. ఆయన మెత్తని మనిషి. మరిదిగారు వినయంగా, పొరపాటు జరిగింది, క్షమించండి అని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోతుందని మీ బావగారు అంటున్నారు. ఎక్కువ వాదించవద్దని చెప్పు.

శిథిలాలు చూడడానికి మరిదిగారు వచ్చినప్పుడు గేటు తాళం వేసి ఉండడం గురించి కూడా కోపం పెట్టుకోకు. రాళ్ళు ఇంకా జారుతున్నాయి, అందుకే వేయించారు.

పిల్లలు నిన్ను అడుగుతున్నారు. ఎండుద్రాక్ష రొట్టె ఒకటి సంత బండి మీద పంపుతున్నాను.

నీ లావీనియా

—

లౌత్
18 జూన్, 1868

అక్కా,

రొట్టె అందింది. పక్కింటి వాళ్ళకు ఇచ్చాను.

నిన్న బుధవారం సంత నుంచి తిరిగి వెళ్ళే బండిలో మీ ఊరొచ్చాను. మీ ఇంటికి రాలేదు. చర్చి గేటుకు తాళం ఉంది కానీ, కూలిన రాళ్ళను మీ వాళ్ళు గోడ బయట గుట్టగా పోశారు. గుట్టకు తాళం వేయడం ఎవరికీ తోచలేదు. అక్కడ కెజియా బ్లేడ్స్ పనికొచ్చే రాళ్ళు ఒకపక్కకు ఏరుతోంది. నేను ఆప్రాన్ కట్టుకుని పక్కన కూర్చున్నాను.

"ఏం వెతుకుతున్నారమ్మగారూ?" అంది.

గాజులు అన్నాను. ఆమె చేతిలో రాయి అక్కడే ఆగింది. తర్వాత తనూ నాతోపాటు వెతికింది. మధ్యాహ్నం మూడు దాకా వెతికాం. ఏడింటిలో నాలుగు దొరికాయి. సగం రాయికి, సగం గాలిలో, అన్నీ విరిగి.

ఇప్పుడు సరిగ్గా విను. ఆ ఏడు పట్టీలూ నేనే కోశాను, మా వంటింటి బల్ల మీద. 1865 ఆగస్టులో వడగళ్ళకు దోసపాదు మీద కప్పే గాజు పెట్టె పగిలితే, ఆ ముక్కలు పారేయకుండా అటక మీద దాచాను. నేను ఏదీ పారేయనని నువ్వు ఎగతాళి చేస్తావు కదా, అందుకే. అది చవక గాజు. దళసరి, ఆకుపచ్చ, లోపల బుడగలు. ఆయన వేళ్ళు తెగకూడదని అంచులు ఇసుకరాయి మీద అరగదీశాను. ఆయన వాటిని బూడిదరంగు సిమెంటుతో అతికించారు.

నాకు దొరికిన నాలుగూ పల్చని తెల్ల గాజు. ఒక్క బుడగ లేదు. అంచులు పదును, నా బొటనవేలు తెగింది. అతికించింది సిమెంటుతో కాదు, తెల్ల సున్నంతో.

ఎవరో నా గాజులు తీసేసి వేరేవి పెట్టారు. ఎందుకు పెట్టారు? నావి పగిలాయి కనుక. పగిలితే దాని అర్థం ఏమిటో ఆ చర్చిలో ముగ్గురికి చెప్పి ఉంది.

కెజియాను అడిగాను. ఆమె చాలాసేపు చేతులు తుడుచుకుంది.

"నన్ను అడగొద్దండి. నేనుండే గుడిసె చర్చిది. నా మొగుడు పోయాక ఉండనిచ్చారు. నోరు తెరిస్తే ఆ కప్పు కూడా పోద్ది."

"అబద్ధం చెప్పమనడం లేదు కదా."

"నిజం చెప్పినా పోయేది నాదేనండి. మీ గొడవ పెద్దింటోళ్ళ గొడవ. మీరూ మీరూ తేల్చుకోండి, మధ్యలో నన్ను నలపకండి."

అంతకంటే అడగలేకపోయాను. కానీ మీ ఊళ్ళో అంత పల్చని తెల్ల గాజు పటాలకే వేస్తారు. రైతుల ఇళ్ళలో పటాలు ఉండవు. నాకు ఒక్క ఇల్లే తెలుసు, మెట్ల పక్కన నాన్న గీసిన నీటిరంగుల బొమ్మలు వరసగా ఉండే ఇల్లు.

మా ఆయనకు ఇంకా ఏమీ చెప్పలేదు. నీ జవాబు కోసం ఆగాను. ఈసారి మోకాళ్ళ మీద ఉన్నానని కాకుండా, ఏం చేశావో రాయి.

టబితా

—

హాక్స్‌థార్ప్
22 జూన్, 1868

టబితా,

ఇది చదివి వెంటనే కాల్చెయ్.

1866 అక్టోబరులో బిషప్పు గారు మా ఊరి పిల్లలకు చర్చి దీక్ష ఇవ్వడానికి వచ్చారు. మా ఊరికి బిషప్పు రావడం ఇరవై ఏళ్ళలో అదే మొదలు. నాలుగు రోజులు చర్చి కడిగించాను. అప్పుడు గోపురం కింద తలెత్తితే రెండు గాజులు పగిలి కనిపించాయి. పక్కన ఆ సిమెంటు మరకలు, అసహ్యంగా. కాకులు కొట్టాయనుకున్నాను, లేదా గంటలు మోగించే వాళ్ళ నిచ్చెన తగిలి ఉంటుందని. మరిదిగారు చెప్పింది గుర్తు లేక కాదు. ఆ రోజు బిషప్పు గారి కళ్ళతో ఆ గోడను చూశాను, అంతే. బిషప్పు వచ్చే ముందు ఇంట్లో పగిలిన కిటికీ మార్పించమా? అలాగే మార్పించాను. నాన్న పటాల్లో ఒకటి చెమ్మకు పాడైపోయింది, దాని గాజు కోయించాను. కెజియా నిచ్చెన ఎక్కింది. మిగతావి కూడా అందులో కలవాలని ఏడూ మార్పించాను. ఒకటి ఒక రంగు, ఒకటి ఒక రంగు ఉంటే బాగుండదు కదా.

డిసెంబరులో మరిదిగారు వచ్చారు. కింది నుంచి చూసి, "అన్నీ బాగున్నాయి వదినా" అన్నారు. అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. బల్ల మీద భోజనం చల్లారిపోతోంది, మీ బావగారు ఎదురుచూస్తున్నారు. తర్వాత చెప్దాంలే అనుకున్నాను.

మరుసటి వేసవిలో మూడు పగిలాయి. అప్పుడు అర్థమైంది. కానీ అవి పగిలాయని చెప్పాలంటే ముందువి మార్చానని కూడా చెప్పాలి. మళ్ళీ మార్పించాను. ఆ తర్వాత ఇంకా రెండుసార్లు. ప్రతిసారీ ఇదే ఆఖరుసారి అనుకున్నాను. ప్రతిసారీ చెప్పడం ఇంకా కష్టమైంది. గోపురం ఆరు వందల ఏళ్ళు నిలబడింది, ఇంకో ఏడాది నిలబడదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆదివారం గంటలు మోగుతుంటే వేళ్ళు గట్టిగా ముడుచుకుని కూర్చునేదాన్ని. అది ఎవరికీ తెలియదు.

జోబ్‌ను రాళ్ళ కింద నుంచి తీసిన రోజు మీ బావగారికి చెప్పాను. ఆయన లేచి తలుపు మూశారు. తర్వాత, "లావీనియా, నువ్వు నాకేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు" అన్నారు. మర్నాడు కూర్చుని పత్రికకు ఆ ఉత్తరం రాశారు.

మాకు ఐదుగురు పిల్లలు. ఈ ఇల్లు మాది కాదు, ఉద్యోగానిది. ఇది బయటపడితే బిషప్పు గారు ఆయన్ని ఇక్కడ ఉంచరు. మరిదిగారికి చేతిలో విద్య ఉంది. నలుగురు కాదన్నా ఇంకో నలుగురు పిలుస్తారు. ఫాదరీకి అలా కాదు. అక్కలాగా కాదు, ఐదుగురు పిల్లల తల్లిలాగా అడుగుతున్నాను. విచారణలో ఆయన్ని ఒక్క మాట అననివ్వు, ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వు.

లావీనియా

—

లౌత్
24 జూన్, 1868

అక్కా,

నీ ఉత్తరం కాల్చలేదు. దాని తారీఖు నా రోజువారీ పుస్తకంలో ఎక్కించి, కాగితాన్ని ఇనప్పెట్టెలో పెట్టాను. తాళం నా మెడలో ఉంది.

చేతిలో విద్య ఉందన్నావు. విద్య చేతిలో ఉంటే సరిపోదు, నమ్మి పిలిచే నోళ్ళుండాలి. అవి మూయించింది నీ భర్తే, అంతా తెలిసి. తెలియక రాశాడని ఇన్నాళ్ళూ కోప్పడ్డాను. ఆ కోపం ఎంత చిన్నదో ఇప్పుడు తెలుస్తోంది.

బిషప్పు కళ్ళకు గోడ అందంగా కనపడాలని మొదటిసారి మార్చావు. సరే, అది తెలివితక్కువతనం. దాన్ని నేను క్షమించగలను. మూడోసారి, నాలుగోసారి మార్చినప్పుడు నీకు అన్నీ తెలుసు. ఆ తాళ్ళు లాగే ఎనిమిది మందిలో ఒక్కడు కూడా నీకు గుర్తు రాలేదా? గంటలు మోగుతుంటే వేళ్ళు ముడుచుకున్నానని రాశావు. ఆ వేళ్ళతో ఒక ఉత్తరం రాయాల్సింది.

నిన్ను బజారుకీడ్చాలని నాకు లేదు. అందుకే నీ ఉత్తరం మా ఆయనకు ఇప్పటికీ చూపించలేదు, ఏరిన గాజు ముక్కలు మాత్రం ఇచ్చాను. విచారణ జూలై రెండున. అంటే ఎనిమిది రోజులు. గాజులు మార్చారని, వాటి మూలంగానే గిల్బర్ట్ డ్రింగ్ మోసపోయాడని ఆర్చిడీకన్ గారికి నువ్వే చెప్పు. ఎలా చెప్తావో నీ ఇష్టం. చెప్పకపోతే ఆ రోజు నేనే వచ్చి నీ ఉత్తరం బల్ల మీద పెడతాను.

టబితా

—

హాక్స్‌థార్ప్
2 జూలై, 1868, సాయంత్రం

ప్రియమైన టబితా,

నీకు కావలసింది జరిగింది. మరిదిగారు ఇంటికి చేరి అంతా చెప్పే ఉంటారు. అయినా నా చేత్తో కూడా రాయాలనిపించింది.

నేను రాసిచ్చిన వాంగ్మూలం ఆర్చిడీకన్ గారు చదివి వినిపించారు. నువ్వు ఏరిన నాలుగు ముక్కలు మరిదిగారు బల్ల మీద పెట్టారు. అందరూ లేచి చూశారు. గాజులు మారాయని తేలింది, మరిదిగారి తప్పేమీ లేదని ఆర్చిడీకన్ గారు అందరి ముందూ అన్నారు. మీ బావగారు వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నారు. పత్రికలో రాసింది వెనక్కి తీసుకుంటూ శనివారం వస్తుంది, వడ్రంగి మాటతో సహా. మీ ఇల్లు నిలబడింది. మాదీ నిలబడింది.

వాంగ్మూలంలో నేను రాసింది ఇది: కెజియా బ్లేడ్స్ చర్చి శుభ్రం చేస్తూ, పగిలిన గాజులు తన తప్పనుకుంటారేమోనని భయపడి, ఎవరికీ చెప్పకుండా మార్చింది. నిచ్చెన ఎక్కింది ఆమె, సున్నం కలిపింది ఆమె, కనుక అది పూర్తిగా అబద్ధం కాదు. ఆమెను పిలిచి అడిగారు. నా వైపు చూసింది. తర్వాత, అవునండి, నేనే పెట్టాను అంది. చదువు లేని మనిషి, తెలియక చేసిందని అందరూ జాలిపడ్డారు. జైలూ లేదు, ఏమీ లేదు. సెప్టెంబరు చివరికల్లా గుడిసె ఖాళీ చేయమన్నారు, అంతే. ఆమెకు గ్రిమ్స్‌బీలో చెల్లెలు ఉంది. నేను ఒక దుప్పటి, కొంచెం టీ పంపాను.

ఇక ఆ ఉత్తరం కాల్చెయ్, టబితా. ఇప్పుడు అది బయటికొస్తే నష్టం నాకొక్కదానికే కాదు. తెల్ల గాజుకూ ఆకుపచ్చ గాజుకూ తేడా ఒక ఆర్కిటెక్టు తొమ్మిదిసార్లు ఎలా చూడలేదని ఎవరో ఒకరు అడుగుతారు. మరిదిగారు భోంచేశాకే చర్చికి వెళ్ళేవారు, చేతులు వెనక్కి కట్టుకుని కింది నుంచే తలెత్తి చూసేవారు. ఈరోజు నన్నెవరూ అది అడగలేదు. అడిగితే చెప్పాల్సి వచ్చేది.

నీ అక్క
లావీనియా

—

లౌత్
8 జూలై, 1868

అక్కా,

నువ్వు బెదిరిస్తున్నావని తెలియడానికి ఆ ఉత్తరం రెండుసార్లు చదవాల్సి వచ్చింది. అంత చక్కగా రాశావు.

మా ఆయన ఆ రాత్రి ఇంటికి వచ్చి, నెల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నారు. పాపం కెజియా, తెలియక చేసింది అన్నారు. నేను ఇనప్పెట్టె తెరిచి నీ ఉత్తరం ఆయన ముందు పెట్టాను. దీపం దగ్గరికి జరుపుకుని మెల్లగా చదివారు. మళ్ళీ మడిచి నాకే ఇచ్చారు.

"అయిపోయింది కదా టబీ. వదిలెయ్."

"కెజియా?"

"ఆమె సంగతి చూద్దాం. మా మేస్త్రీతో చెప్పి ఎక్కడైనా పనిలో పెట్టిద్దాం."

"ఆమె పని అడగడం లేదు. నువ్వెందుకు చూడలేదో చెప్పు. నేను కోసిన గాజు ఆకుపచ్చది. తొమ్మిదిసార్లు తెల్ల గాజును ఎలా చూశావు?"

దీపం వత్తి తగ్గించారు. తర్వాత దీపంతోనే మాట్లాడుతున్నట్టు, కింది నుంచి మెరుస్తూ కనిపించేవి, పైకి ఎక్కలేదు అన్నారు. మోకాలు నొప్పి, భోజనం బరువు, మన వాళ్ళే కదా చూసుకుంటున్నారన్న ధీమా. "దాని గురించి ఎవరూ అడగకూడదనే నేనూ ఇవాళ నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆ కాగితం బయటపెడితే అడుగుతారు. నన్ను పనికి పిలిచే నోళ్ళు ఇవాళే తెరుచుకున్నాయి టబీ. మళ్ళీ మూయిస్తావా?"

ఇన్ని రోజులూ ఎవరి కోసం అరిచానో ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని నీ మాటే మాట్లాడాడు, అక్కా. నీ మీద వచ్చినంత కోపం ఆయన మీదా వచ్చింది. ఆయన కోసమని నేనే నిన్ను ఎలా చెప్తావో నీ ఇష్టం అన్నానని గుర్తొచ్చి నా మీదా వచ్చింది. ఆ మాటతోనే నువ్వు కెజియాను పట్టుకున్నావు. నేను చోటిచ్చాను.

శనివారం కెజియా గుడిసెకు వెళ్ళాను. మా వెనక గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమని అడిగాను. ఆమె కుర్చీ వేయలేదు, నేను నిలబడే ఉన్నాను.

"వెనక గది నాకెందుకమ్మగారూ? నాకు ఇల్లుంది. ఇది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ చర్చి ఊడ్చాను. నా మొగుణ్ణి ఆ గోడ పక్కనే పాతారు. ఇప్పుడు వీధిలోకెళ్తే జోబ్ పెళ్ళాం ఉమ్మేస్తోంది."

"ఎందుకు ఒప్పుకున్నావు కెజియా?"

"అమ్మగారు నా వంక చూశారు. కాదంటే ఆ గదిలో నా మాట నమ్మేవాళ్ళెవరండి? మీరు నమ్మేవారా? ఆ రోజు రాళ్ళ దగ్గర మీరు గాజు చూశారు గానీ నన్ను చూడలేదు. నాకు మీ దుప్పట్లొద్దు, టీ ఆకొద్దు. ఎక్కడైతే నేను చేశానని చదివారో అక్కడే చేయలేదని చదివించండి."

నువ్వు పంపిన దుప్పటి గుమ్మం బయట మడత విప్పకుండానే ఉంది.

ఇంటికి వచ్చి, ఆర్చిడీకన్ గారికి అంతా రాశాను. నీ ఉత్తరం అందులో పెట్టాను. నకలు కాదు, అసలుదే. సోమవారం పొద్దున సీలు వేసే ముందు మా ఆయన గది తలుపు తట్టి, నేను ఏం చేస్తున్నానో చెప్పాను. తలుపు తీయలేదు. మధ్యాహ్నం ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. "గాజులు పెట్టాక పదిసార్లు వెళ్ళాను. నిచ్చెన ఎక్కింది ఒక్కసారే, అది మొదటిసారి. మిగతా తొమ్మిదిసార్లు కింది నుంచి చూశాను. ఎక్కి ఉంటే తెలిసేది. జోబ్ మార్‌ఫ్లీట్ బతికేవాడు. గిల్బర్ట్ డ్రింగ్." అంతే రాశారు. దాన్నీ అదే కవరులో పెట్టాను. అప్పటి నుంచి ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. అన్నం పెడితే తింటున్నారు.

కవరు సోమవారం సాయంత్రం టపా బండికి వెళ్ళింది. నీకు ముందుగా చెప్పకుండా పంపాను. చెప్తే మళ్ళీ చక్కగా ఏదో రాస్తావని.

టబితా

—

హాక్స్‌థార్ప్
20 జూలై, 1868

టబితా,

పంపావు కదా. మాకు మార్చి దాకా గడువిచ్చారు. తర్వాత బిషప్పు గారు మమ్మల్ని సముద్రపు ఒడ్డున ఏదో చిత్తడి ఊరికి పంపుతారట, అక్కడ చర్చికి కప్పు కూడా సరిగా లేదని విన్నాను. పెద్దవాడిని బడి మాన్పించాలి. మీ బావగారు తన పుస్తకాల గదిలోనే పడుకుంటున్నారు. మరిదిగారికి ఇంకో మూడు ఊళ్ళు పని వద్దన్నాయని విన్నాను. నువ్వు ఎవరినీ మిగల్చలేదు. నిన్నూ మిగుల్చుకోలేదు. ఆ ఒక్క విషయంలోనే నిన్ను తిట్టలేకపోతున్నాను.

నిన్న ఆదివారం బడి గదిలో ప్రార్థన జరిగింది. ఆర్చిడీకన్ గారు పంపిన కాగితం మీ బావగారే చదవాలని ఆజ్ఞ. నిలబడి చదివారు. కెజియా బ్లేడ్స్ నిర్దోషి అనీ, ఆ గుడిసె బతికినన్నాళ్ళూ ఆమెదే అనీ ఉంది. గాజులు మార్పించింది "ఇదే ఊళ్ళో మరొకరు" అని ఉంది. నా పేరు లేదు. నా పిల్లల కోసం ఆర్చిడీకన్ గారు దయ చూపించారు. నేను కోరుకున్నది ఇన్నాళ్ళూ అదే. గది అంతా ఆ మరొకరు ఎవరా అని ఒకరినొకరు చూసుకుంటోంది. రెండో వరసలో గంటలు మోగించే టామ్ పెళ్ళాన్ని ఇద్దరు అప్పుడే అనుమానంగా చూస్తున్నారు. కెజియా సరిగ్గా నా వెనక కూర్చుంది. నా మెడ మీద ఆమె ఊపిరి తగులుతోంది.

లేచాను. "అది నేను. నాలుగుసార్లు. కెజియా వద్దంది, నేనే ఎక్కించాను" అన్నాను. మీ బావగారు చేతిలో కాగితం మడిచారు. జోబ్ భార్య బిడ్డను ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది. మిగతా వాళ్ళు కదల్లేదు. ఒక్కరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

నీ కోసం లేవలేదు. పొగరుగా అనుకోకు.

ప్రార్థన అయ్యాక కెజియా తాళంచెవుల గుత్తి, చీపురు తెచ్చి నా ముందు పెట్టింది.

"గుడిసె ఉంచుకుంటాను అమ్మగారూ. పని మాత్రం మీరే చేసుకోండి. నాకు నడుం నొప్పి."

ఇన్నేళ్ళలో ఆమెకు నడుం నొప్పి అని ఎప్పుడూ వినలేదు. వేరే మనిషి కోసం అడిగించాను. ఊళ్ళో ఎవరూ రామన్నారు.

నేను రాసేదాకా నాకు రాయకు. ఎప్పుడు రాస్తానో తెలియదు. బడి పిల్లలు తొమ్మిదికి వస్తారు, ఈరోజు ఆ గది నేనే ఊడ్చాను. బెంచీల కింద ఎంత మట్టి ఉంటుందో నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

లావీనియా